రెండు చెవుల చిత్రిక

నాలుగు వాక్యాలు రాసిమ్మని మా సంఘ పెద్దలు అడిగి మూడు వారాలయింది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, నలభై ఏళ్ళు సండే స్కూలు నడిపినదాన్ని, నాలుగు వాక్యాలకి ఇంత ఆలస్యం ఏమిటని వాళ్ళూ అనుకుంటున్నారు, నేనూ అనుకుంటున్నాను. రాజోలు దగ్గర మా ఊళ్ళో పాత ప్రార్థన మందిరం తీసేసి కొత్తది కట్టారు. మా తాతయ్య ఏసుదాసుగారు పనస చెక్కతో చేసిన పుల్పిట్టుని, అంటే ప్రసంగ పీఠాన్ని, మాత్రం పారెయ్యకుండా కొత్త మందిరంలో నిలబెడుతున్నారు. దాని పక్కన అద్దాల పెట్టెలో చెక్క నున్నగా చెయ్యడానికి ఆయన వాడిన చిత్రిక ఉంటుంది. ఆ పెట్టె కింద ఇత్తడి పలక మీద, ఆ చిత్రిక ఎక్కడిదో చెప్పే మాటలు నేను రాయాలి. మా సంఘంలో ఆ కథ తెలియనివాళ్ళు లేరు. మిషను బంగళా దొరగారు తన చిత్రికని మా తాతయ్య చేతిలో పెట్టి, దగ్గరుండి పని నేర్పారనీ, ఆ కృతజ్ఞతతో తాతయ్య పుల్పిట్టు చేశారనీ పాస్టరుగార్లు ఎన్ని ప్రసంగాల్లో చెప్పారో లెక్కలేదు. నేనే సండే స్కూల్లో ఎన్ని తరాల పిల్లలకి చెప్పానో లెక్కలేదు. అదే కాగితం మీద పెట్టేస్తే సరిపోయేది. పెట్టెలో పెట్టేముందు చిత్రికని కాస్త శుభ్రం చేయిద్దామన్న బుద్ధి నాకు పుట్టకపోయి ఉంటే, పెట్టేసేదాన్ని కూడా.

ఆ చిత్రిక చిన్నప్పుడు నాకు జంతువులా కనిపించేది. మూరెడు పొడవు, నల్లగా నిగనిగలాడే ఒంటి చెక్క. మధ్యలో బ్లేడు దిగే నోరు. ఆ నోటికి వెనకాల, చెక్కలోంచి అడ్డంగా దూసుకెళ్ళి రెండు పక్కలా బయటికొచ్చిన గుండ్రటి కర్ర. ఆ రెండు కొసల్నీ నేను చెవులనేదాన్ని. తాతయ్య ఆ చెవులు రెండూ పట్టుకుని తోస్తుంటే నోట్లోంచి సన్నటి పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చి పడేది. పనస చెక్క అయితే పసుపుపచ్చగా, ఒక రకమైన తియ్యటి వాసనతో. ఆ పొట్టు మా మామ్మ గంపకెత్తి పొయ్యి దగ్గర పెట్టుకునేది. కొబ్బరి మట్టలు రాజుకోవడానికి అంత మంచి చితుకు లేదని ఆవిడ అభిప్రాయం. మా ఇంట్లో పొద్దున్న గంజి కాగే వాసన, ఆ పొట్టు కాలే వాసన కలిసే ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా పనస చెక్క కోస్తుంటే నాకు ఆకలేస్తుంది.

బ్లేడు తుప్పుపట్టి కదలడం లేదని, కొత్తపేటలో వడ్రంగం షాపున్న వీర్రాజుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనది నాలుగు తరాల పని. గోనెపట్టా విప్పి చూపించగానే కళ్ళజోడు పైకి నెట్టుకుని, చిత్రికని తిరగేసి, వాసన చూసి, గోటితో గీసి చూశాడు.

"ఎక్కడిదండీ ఇది?" అన్నాడు చివరికి.

"మిషను దొరగారిదండి. మా తాతగారికి ఇచ్చారు."

"ఏ దొరగారోనండి, నాకైతే తెలవదు గానీ, దొరల చిత్రిక మా నాన్నగారి దగ్గర ఒకటుండేదండి. ఇనపది. వెనక పిడి, ముందు చిన్న గుండు. ఇలా అడ్డకర్ర ఉండదండి వాళ్ళ వాటికి. ఈ చెక్క చూడండి, టేకు కాదు, తుమ్మ కాదు, మద్ది కాదు. ఈ చెట్టే మన దగ్గరది కాదండి బాబూ."

"పెద్ద దూలాలకి ఇద్దరు పట్టే చిత్రికలుంటాయంటారు కదా?"

"ఉంటాయండి. ఒకడు తోస్తాడు, ఎదురుగా ఇంకొకడు లాగుతాడు. ఆ లాగేవోడి కర్ర ముందుండాలి కదండీ. ఇది బ్లేడుకి వెనకాలుంది. లాగేవోడు ఎక్కడ నిలబడతాడు, తోసేవోడి ఒళ్ళోనా?" అని ఆయనే నవ్వేశాడు.

ఆ నవ్వుకి లోపల తలుపుకి కీళ్ళు బిగిస్తున్న పనివాడు సూరిబాబు బయటికొచ్చాడు. నలభై దాటిన మనిషి. పదిహేనేళ్ళు ఖతర్‌లో వడ్రంగం చేసి ఈమధ్యే తిరిగొచ్చాడట. వీర్రాజుగారు అతన్ని చూపించి, "వీడు షేకులకి తలుపులు బిగించొచ్చేడండి. అప్పట్నుంచీ మాకెవరికీ ఏం తెలవదంటాడు" అన్నాడు. సూరిబాబు ఆ మాట పట్టించుకోలేదు. చిత్రికని చూస్తూనే దగ్గరికొచ్చి, బల్ల మీద పెట్టి, రెండు చేతులతో రెండు చెవులూ పట్టుకుని, సైకిలు హ్యాండిలు పట్టుకున్నట్టు వంగి ముందుకి తోశాడు. అరవై ఏళ్ళ తర్వాత మా తాతయ్య వీపు చూశాను.

"ఇది చైనావోళ్ళ చిత్రికండి, అమ్మగారూ. మా సైట్లో ఒక ముసలాయన ఉండేవోడు. కరెంటు మిషన్లు ఎన్నున్నా ఇలాంటిదే సంచిలో పెట్టుకు తిరిగేవోడు. నాక్కూడా పట్టడం నేర్పేడండి. భాష రాదు, చెయ్యి మీద ఒక్కటిచ్చి నేర్పేడు" అన్నాడు సూరిబాబు.

నేను ఒప్పుకోలేదు. దొరగారు చైనా చిత్రిక ఎందుకు కొంటారన్నాను. వాళ్ళు బ్లేడుకి కిరసనాయిలు రాసి, చీల ఊడదీసి, మెల్లగా బయటికి లాగారు. గుడ్డతో తుడిస్తే తుప్పు కింద రెండు అక్షరాలు దిగగొట్టి ఉన్నాయి. ఇల్లులా ఒకటి, నిచ్చెనలా ఒకటి. అవి ఇంగ్లీషు కాదని నాకూ తెలుస్తూనే ఉంది. సూరిబాబు ఫోను తీసి, అర్థం చెబుతుందేమోనని ఆ అక్షరాల మీద పెట్టి చూపించాడు. ఒకసారి "వసంతం" అని వచ్చింది. ఇంకోసారి "హామీ" అని వచ్చింది.

"దీన్ని నమ్మకండి. మొన్న మందు సీసా చూపిస్తే గుర్రం అంది" అన్నాడతను.

వీర్రాజుగారు ఆలోచిస్తూ అన్నాడు. "మా పెద మావయ్యగారు రంగం వెళ్ళొచ్చేరండి, యుద్ధానికి ముందు. అక్కడ చెక్కపనంతా చైనావోళ్ళదేనని చెప్పేవోరు. మీ తాతగారు గానీ రంగం వెళ్ళేరా?"

బర్మాలోని రంగూన్ని మా వైపు పాతవాళ్ళు రంగమనేవారు. వెళ్ళారని చెప్పాను. బియ్యం మిల్లులో బస్తాలు మొయ్యడానికి వెళ్ళారు, యుద్ధమొస్తే నడిచి వచ్చేశారు. ఇంట్లో మాకు తెలిసింది అంతే. వీర్రాజుగారు తల పంకించి, "మరింకేటండి" అన్నాడు. చిత్రికని మళ్ళీ పట్టాలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా పేటలో ఆ రోజుల్లో ఉలి పట్టిన మనిషి మా తాతయ్య ఒక్కరే. వడ్రంగం కులవృత్తి. ఊళ్ళో వడ్రంగులు మా పేటవాళ్ళని పనిముట్లు ముట్టుకోనిచ్చేవారు కాదు, ఇంక నేర్పడం ఎక్కడ. అందుకే తాతయ్యకి పని వచ్చిందంటే దొరగారే నేర్పి ఉండాలని అందరికీ అనిపించింది. అంతకన్నా వేరే దారి ఎవరికీ తోచలేదు. కానీ తాతయ్యకి మా వైపు ఎవరికీ లేని కొన్ని అలవాట్లుండేవి. పేటంతా గంజి తాగే కాలంలో ఆయన పాలు లేని టీ నీళ్ళు తాగేవారు, పంచదార కూడా లేకుండా, చిన్న గిన్నెని రెండు చేతులతో పట్టుకుని. నిలబడి పనిచేసేవారు కాదు, పొడుగాటి బల్ల మీద ఒక కాలు వేసి కూర్చుని చేసేవారు. కుటుంబ ప్రార్థనలో పేర్లన్నీ అయ్యాక, చివర, "నా మేస్త్రిని కాయి ప్రభువా, ఎక్కడున్నా" అనేవారు. మామ్మ ఒకసారి నా ముందే అడిగింది. "దొరగార్ని పట్టుకుని మేస్త్రి అంటావేటి? తప్పు కాదూ?" తాతయ్య గిన్నె కింద పెట్టి, "ప్రభువుకి తెలుసులేవే" అన్నారు. మామ్మ అంతటితో ఊరుకుంది. ప్రభువుకి తెలిసింది ఇంకొకరు అడగక్కర్లేదని ఆవిడ నమ్మకం. నేనూ ఆ నమ్మకంలోనే పెరిగాను.

ఇక్కడ నేను అందరికన్నా నాకు బాగా తెలిసినదాన్ని చెప్పాలి, ఎందుకంటే ఇన్నేళ్ళూ దాన్ని నేను మరిచిపోయినట్టు బతికాను. ఆ కథ దొరగారు చెప్పలేదు, తాతయ్య చెప్పలేదు. నేను చెప్పాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో. మా సంఘంలో కోత పండగ అంటే ప్రతి ఇంటినుంచీ మొదటి పంట తెచ్చేవారు. గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కోళ్ళు, కుంచాలతో వడ్లు అన్నీ పుల్పిట్టు ముందు పేర్చేవారు. అప్పటి పుల్పిట్టు ఒట్టి డ్రమ్ము మీద పరిచిన తెల్ల గుడ్డ. ఆ రోజు పిల్లలు ఒక్కొక్కరూ లేచి కంఠతా పట్టిన బైబిలు వాక్యమో, తమ ఇంట్లో దేవుడు చేసిన మేలో చెప్పాలి. నాకు వాక్యం మొదటి ముక్క తప్ప రాలేదు. చాపల మీద రెండు వందలమంది. ముందు వరసలో మా అమ్మ పెదాలు కదుపుతోంది, నాకు అర్థం కావడం లేదు. ఎక్కడో వెనక తాతయ్య గోడకానుకుని కూర్చున్నారు. నా నోట్లోంచి అలా వచ్చేసింది. మా తాతయ్యకి దొరగారు చిత్రిక ఇచ్చారండి, దానికి రెండు చెవులున్నాయండి, ఇలా పట్టుకోవాలని చెయ్యి పట్టుకుని నేర్పారండి, అందుకే మేం రోజూ అన్నం తింటున్నామండి, దేవునికి స్తోత్రం. ఎవరి దగ్గరా వినలేదు. దొరగారింట్లోవన్నీ వింతగా ఉంటాయి కాబట్టి, మా ఇంట్లో ఉన్న ఒక్క వింత వస్తువూ అక్కడిదే అయి ఉండాలని నాకు నేనే అనుకుని ఉంటాను. దొరగారు అప్పటికే తన దేశం వెళ్ళిపోయి చాలాకాలమైంది.

మందిరమంతా స్తోత్రం అంది. పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. వెనక్కి చూసి, "ఏసుదాసూ, పసిబిడ్డ నోట దేవుడు ఎంత సాక్ష్యం పలికించేడయ్యా!" అన్నారు. అందరూ వెనక్కి తిరిగారు. నేనూ చూశాను. తాతయ్య లేచి నిలబడి, చేతులు జోడించి, కూర్చున్నారు. ఔననలేదు, కాదనలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు కాలవ గట్టు మీద నా వేలు పట్టుకుని నడుస్తూ, "బాగా చెప్పేవమ్మా. గొంతు బాగుంది" అన్నారు. ఆ ఒక్క మాటే.

తర్వాత జరిగినవి కూడా రాయాలి. అప్పటిదాకా తాతయ్యకి మంచాలు, పీటలు తప్ప పెద్ద పని ఎవరూ ఇచ్చేవారు కాదు. మందిరానికి బల్లలు కావాలంటే రాజోలునుంచి వడ్రంగిని పిలిచేవారు. రంగంనుంచి ఏం తెచ్చేడో, ఎవరి దగ్గర నేర్చేడో అని పేటలోనే గుసగుసలుండేవి. కోత పండగ తర్వాత రెండు వారాలకి పెద్దలు మా ఇంటికొచ్చి, దొరగారి శిష్యుడివి నువ్వుండగా బయటివాళ్ళెందుకని పుల్పిట్టు పని అప్పగించారు. ఆ పని చూసి మిగతా సంఘాలవాళ్ళు పిలిచారు. నా చదువు, ఆ పైన నా ఉద్యోగం ఆ పుల్పిట్టు పక్కనుంచే వచ్చాయి. ఇన్నాళ్ళూ దాన్ని దేవుని కృప అన్నాను. ఇప్పుడు నా అబద్ధం మాకు అన్నం పెట్టిందా అని నన్ను నేనే అడుగుతున్నాను. అబద్ధ సాక్ష్యం పలకకూడదని పిల్లలకి నేర్పిన నోరు ఇది. తాతయ్య ఎందుకు ఊరుకున్నారు? పదిమందిలో మనవరాలి మాట తీసెయ్యలేకనా? పని దొరుకుతుందని తెలిసా? లేక ఎక్కడో విగ్రహం ముందు అగరబత్తి వెలిగించుకునే ఒక చైనా మనిషి తన చెయ్యి పట్టుకుని నేర్పాడని మందిరంలో చెబితే ఎవరూ స్తోత్రం అనరని భయపడ్డారా? రోజూ ప్రార్థనలో తలుచుకున్నారు కదా, ఆ మనిషినే అయితే. అయితే అన్న మాట దగ్గర మళ్ళీ ఆగిపోతాను. మిల్లుల్లో కూలీలని తీసుకెళ్ళేవాణ్ణి కూడా మేస్త్రి అనేవారు. తాతయ్య తలుచుకున్నది ఎవరినో నాకేం తెలుసు?

సత్యానందంగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మా సంఘ పెద్ద, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. వరండాలో కూర్చోబెట్టి అంతా విన్నాడు.

"టీచరుగారండీ, ఇప్పుడెందుకండి ఇదంతా? ఆ సాక్ష్యం విని ఎంతమంది బలపడ్డారు. మా నాన్నగారైతే ఆ కథ వినే తాగుడు మానేరు."

"అది సాక్ష్యం కాదు, సత్యానందం. నేను కల్పించింది."

"పోనీ, చైనా ఆయనెవరో నేర్పేడని రాద్దామా? పేరుందాండి?"

"లేదు."

"నేర్పేడని రుజువుందాండి? కొనుక్కుని ఉండొచ్చు. యుద్ధంలో పారిపోయేటప్పుడు ఎక్కడో దొరికి ఉండొచ్చు. కోప్పడకండి, తీసుకొచ్చేసి కూడా ఉండొచ్చు."

కోపం రాలేదు. ఆ మాట నాకూ బస్సులోనే వచ్చింది. దొరగారి కథ తీసేసి మేస్త్రి కథ పెడితే, తొమ్మిదేళ్ళప్పుడు చేసిన పనే డెబ్భై ఏళ్ళకి మళ్ళీ చేసినట్టు. ఈ కథ నాకు ఇంకా బాగా నచ్చింది కాబట్టి ఇంకా ప్రమాదం.

సత్యానందంగారు నా మొహం చూసి, మెత్తగా అన్నాడు. "ఒక మాట చెప్పనాండి? 'దేవుని కృపవలన లభించినది' అని రాసేయండి. అందులో అబద్ధం లేదు కదా."

ఆ మాటతో రెండు రోజులు వేగాను. అందులో అబద్ధం నిజంగానే లేదు. కృప లేకుండా ఏదీ రాదని నేను నమ్ముతాను, ఆ నమ్మకంతోనే కన్ను మూస్తాను. కానీ నాకు తెలియని చోటల్లా దేవుని పేరు పెట్టి కప్పెయ్యడం కృపని ఒప్పుకోవడమేనా? మోకాళ్ళ మీద అడిగాను. జవాబు వచ్చిందనుకుంటే అది నా గొంతేనేమోనని అనుమానం. మామ్మ రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఎవరైనా నిలబడి దేవుడు చేశాడంటే చేశాడు. మామ్మకి ఏ ప్రశ్నా మిగిలేది కాదు, నిద్రపట్టేది. ఇప్పుడు చేతిలో ఫోనుంది, దేనికైనా చూపిస్తే ఏదో ఒకటి చెబుతుంది. మా తాతయ్య ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో చెప్పదు. చెప్పగలిగిన మనిషి నా వేలు పట్టుకుని గట్టు మీద నడిచినప్పుడు నేను అడగలేదు. అడిగితే ఆ కథ నాదని తేలిపోతుందని నాకప్పుడే తెలిసి ఉంటుంది.

మొన్న ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. పుల్పిట్టు దగ్గరికి వెళ్ళలేదు, నా బల్ల దగ్గరే నిలబడి చెప్పాను. దొరగారి సంగతి నేను చిన్నప్పుడు కల్పించిందనీ, తాతయ్య ఎప్పుడూ ఆ మాట అనలేదనీ, చిత్రిక చైనావాళ్ళదనీ, ఎలా వచ్చిందో తెలియదనీ చెప్పి, క్షమించమని అడిగాను. పాస్టరుగారు కుర్రవాడు, ఏమనాలో తోచక పాట నంబరు చెప్పారు. కూడిక అయ్యాక తొంభై దాటిన మరియమ్మ పిన్ని కర్ర పొడుచుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. "ఒసే పిల్లా, నీ చిన్నప్పుడు చెప్పిందే బాగుందే. దాన్నే ఉంచెయ్యకపోయేవా" అంది. మా తాతయ్యని చూసిన మనుషుల్లో మిగిలింది ఆవిడా నేనే.

పలక పని అమలాపురంలో స్టీలు సామాన్ల మీద పేర్లు చెక్కే అతనికి ఇచ్చారు. నిన్న పొద్దున్న నేనే కాగితం పట్టుకెళ్ళాను. 'ఈ పుల్పిట్టును ఏసుదాసుగారు ఈ చిత్రికతో చేశారు. ఇది చైనా దేశపు పనిముట్టు. ఆయన రంగూనులో కొంతకాలం పనిచేశారు. దీన్ని ఆయనకు ఎవరిచ్చారో, పని ఎవరు నేర్పారో తెలియదు.' అతను రెండుసార్లు చదివాడు. చదివి, మిషను ఆపేశాడు.

"'తెలియదు' అని చెక్కాలాండి? ఇన్నేళ్ళలో ఎవరూ చెక్కించుకోలేదండి ఈ మాట. దానం చేసిందెవరు, జ్ఞాపకార్థం ఎవరికి, అవే చెక్కేను."

"చెక్కండి."

"ఇత్తడండి. మళ్ళీ చెరపడం కుదరదు."

"తెలుసండి."

అతను పలకని బల్లకి బిగించి, పెన్సిలుతో గీతలు గీసుకుని, కింద కాస్త జాగా మిగిలిందని చూపించాడు. "ఇక్కడ రాయించినోళ్ళ పేరు వెయ్యమంటారా అండి? ఎవరైనా ఇదేటని అడిగితే చెప్పడానికి మనిషుండాలి కదా."

అతని చేతిలోని పెన్సిలు తీసుకుని నా పేరు పూర్తిగా రాసి, పక్కన 'మనవరాలు' అని రాశాను.